సీడీ భక్తులకు వినపడని రొద

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే కారులో, ఇంచుమించు చౌటుప్పల్ దాటాక, ఆ మాట వచ్చి తీరుతుంది. స్టీరింగ్ దగ్గరున్న బావగారు పెన్‌డ్రైవ్‌లోంచి ఓ పాట పెడతారు. పక్కసీటు పెద్దమనిషి అర నిమిషం విని పెదవి విరుస్తాడు. "ఎంతైనా సీడీ సీడీయే బావగారూ. ఇందులో పిప్పి తప్ప రసం లేదు." వెనకసీటు తలూపుతుంది. బావగారు అద్దంలోకి చూసి నవ్వి ఊరుకుంటారు. ఎదురు చెప్పినవాడికి సంగీతం తెలియదన్న ముద్ర పడుతుంది మరి.

ముద్ర పడితే పడనీ. ఆ మాట తప్పు. ఇంట్లో తలుపులు బిగించుకుని, ఖరీదైన స్పీకర్ల ముందు కళ్లు మూసుకుని కూర్చుని అంటే కాసేపు వాదించుకోవచ్చు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్న కారులో అంటే మాత్రం వాదనకు కూడా ఏమీ మిగలదు.

పెద్దమనిషి పక్షాన ఉన్న లెక్క చూడటానికి గట్టిగానే ఉంటుంది. సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతనూ 16 బిట్లలో రాసుకుంటుంది, ఎడమకూ కుడికీ విడివిడిగా. గుణిస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు. ఎంపీత్రీ 128తో సరిపెట్టుకుంటుంది. మంచి ఫైలైతే 256, గరిష్ఠంగా 320. అంటే 128 దగ్గర పదకొండు పాళ్లలో పది పాళ్లు పోయినట్టే. పదకొండు ముద్దల్లో పది తీసేసిన విస్తరి ఎవరి ఆకలి తీరుస్తుంది?

విస్తరి పోలికలోనే తిరకాసు ఉంది. తీసేసినవి ముద్దలు కావు. పైగా కుదించడమంటే పోగొట్టడమేనని కూడా లేదు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి సీడీలోని సమాచారాన్ని ఇంచుమించు సగానికి కుదిస్తుంది. విప్పితే ఒక్క బిట్టు తేడా లేకుండా తిరిగొస్తుంది. బొంతను మూట కట్టి అటక మీద పెట్టినంత మాత్రాన దూది తగ్గదు కదా. ఫ్లాక్ ఫైలు కూడా 'కంప్రెస్డ్' సంగీతమే అని తెలిస్తే పెద్దమనిషి ఏమంటాడో చూడాలి.

ఎంపీత్రీ అలా కాదు, నిజంగానే పారేస్తుంది. అయితే ఏది పారేయాలో చెవినడిగి పారేస్తుంది. పెళ్లిలో డోలు మోగుతుండగా మూడో వరసలో ఎవరో గొణిగిన మాట గాలిలో ఉంటుంది, మన కర్ణభేరి దాకా వస్తుంది, కానీ వినపడదు. గట్టి ధ్వని తన దాపునే ఉన్న మెత్తని ధ్వనిని మింగేస్తుంది. దెబ్బ పడ్డాక కొన్ని మిల్లీసెకన్ల పాటు, విచిత్రంగా పడబోయే ముందు కూడా రవ్వంతసేపు, ఈ మింగుడు సాగుతుంది. మనం ఎప్పుడూ వినని ఆ గొణుగుడుకు కూడా సీడీ పూర్తి జీతం ఇచ్చి పోషిస్తుంది. ఎంపీత్రీ ఇవ్వదు. తేడా అక్కడ.

జర్మనీలోని ఎర్లాంగెన్ నగరంలో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో ఈ పని మీద కూర్చున్నవాళ్లు సంగీతమంటే గిట్టనివాళ్లు కాదు. వాళ్లలో ముఖ్యుడైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ పరీక్షకు ఎంచుకున్నది సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్'. వాద్యం ఊసే లేని ఒంటరి గొంతు. దాక్కోవడానికి డోలూ లేదు, గిటారూ లేదు. తొలి ప్రయత్నాల్లో ఆ గొంతు ఘోరంగా చెడిపోయింది. అది బాగుపడేదాకా ఆయన అదే పాటను పట్టుకుని లెక్కలు దిద్దుకున్నాడు. ఫైలు పేరు చివర 'ఎంపీత్రీ' తోక తగిలించాలని ఆ బృందం నిర్ణయించుకున్నది 1995 జులైలో. ఒక గొంతును పాడు చేయకుండా ఉండటానికి అన్నేళ్లు తంటాలు పడ్డవాళ్ల సృష్టిని 'పిప్పి' అనడం అన్యాయం.

అన్యాయమా కాదా అన్నది చెవులే తేల్చాలి. తేల్చాయి కూడా. 2000లో జర్మన్ కంప్యూటర్ పత్రిక 'సీటీ' వినికిడి మీద నమ్మకమున్న కొందరిని స్టూడియోలో కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపించింది. 128 కిలోబిట్ల ఫైలును వాళ్లు పట్టుకోగలిగారు. 256 దగ్గరకొచ్చేసరికి సీడీ ఏదో, ఎంపీత్రీ ఏదో విడదీయలేకపోయారు. అందులో ఓ చమత్కారం జరిగింది. ఎంపీత్రీని బాగా పసిగట్టినవారిలో ఒకరి వినికిడి అంతకుముందే దెబ్బతిని ఉంది. ఆలోచిస్తే వింతేమీ లేదు. ఆ లెక్కలన్నీ ఆరోగ్యమైన చెవికి కట్టిన లెక్కలు. డోలు సరిగా వినపడనివాడికి డోలు చాటున దాచింది బయటపడుతుంది. ఆ లెక్కన "నాకు తేడా తెలిసిపోతుంది" అని ఎవరైనా గట్టిగా అంటే అభినందించే ముందు చెవుల డాక్టరు చిరునామా ఇవ్వడం మర్యాద.

2009లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శిక్షణ పొందిన శ్రోతలతో ఇలాంటి పరీక్షే పెట్టారు. 96, 128, 192 కిలోబిట్ల ఎంపీత్రీల కన్నా సీడీయే బాగుందని వాళ్లు తేల్చారు. 256, 320 దగ్గర ఎటూ తేల్చలేకపోయారు. కాబట్టి 192 దాకా పెద్దమనిషికే మార్కులు వేయాలి. వేసి, ఆ పరీక్ష నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కదలని కుర్చీలో, చెవులే ప్రాణంగా బతికేవాళ్లతో జరిగిందని గుర్తు చేయాలి.

ఇంకో జ్ఞాపకం కూడా తవ్వాలి. 1990ల చివర, 2000ల మొదట్లో తెలుగు ఊళ్లలో సినిమా హాలు ముందు 'డీటీఎస్' అన్న మూడక్షరాలు కనపడితే టిక్కెట్ల వరస పెరిగేది. గుర్రాలు వెనకనుంచి ముందుకు పరిగెత్తితే జనం తలలు తిప్పి చూసేవారు. "సౌండంటే అదిరా" అనుకుంటూ ఇంటికెళ్లేవారు. ఆ డీటీఎస్ ధ్వని ఎక్కడినుంచి వచ్చేది? ప్రొజెక్టరు గదిలో తిరిగే సీడీరామ్ నుంచి. దాంట్లో ఉన్నది నాలుగోవంతుకు కుదించిన శబ్దం, ఐదు చానళ్లకూ కలిపి సెకనుకు 882 కిలోబిట్లు. పోటీదారు డాల్బీ డిజిటల్ సినిమా రీలు మీద 5.1 చానళ్లనూ 320 కిలోబిట్లలోనే ఇరికించింది. పంచుకుంటే చానలుకు 64 కూడా రావు. పెన్‌డ్రైవ్‌లోని 256 ఎంపీత్రీలో చానలుకు 128 వస్తాయి. ఆ హాల్లో ఈలలేసిన చెవులే ఈ కారులో పెదవి విరుస్తున్నాయి.

ఇక కారు సంగతి.

జాతీయ రహదారి మీద వందలో పోతున్న మామూలు కారు లోపల, అద్దాలన్నీ ఎత్తినా, రొద 65 నుంచి 75 డెసిబెల్ల మధ్య ఉంటుంది. టైరు, గాలి, ఇంజను, ఏసీ, లోడుతో పక్కనుంచి పోయే లారీ, అన్నీ కలిసి. సీడీ గొప్పగా చెప్పుకునేది 96 డెసిబెల్ల వెడల్పు, అంటే దానిలో పట్టే అతి మెత్తని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య దూరం. ఆ మెత్తని శబ్దం 70 డెసిబెల్ల రొద పైన తేలి వినపడాలంటే గట్టి శబ్దం 166 డెసిబెల్ల దగ్గర పలకాలి. 120, 130 దగ్గరే చెవి నొప్పితో విలవిల్లాడుతుంది. రోడ్డు రొద ఎక్కువగా కింది స్థాయి మోత కాబట్టి పై స్వరాలు దాన్ని చీల్చుకుని వస్తాయి, ఈ లెక్క ముతకదే, ఒప్పుకోవాలి. కానీ ఎంత సున్నితంగా దిద్దినా సీడీ అదనంగా మోసుకొచ్చే ఆ చిట్టచివరి మెత్తదనం టైర్ల కిందే నలిగిపోతుంది. విద్యుత్ కారుకు ఇంజను మోత లేదు కదా అంటారు. టైర్లున్నాయి, గాలి ఉంది.

రొద ఒకటేనా? మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి తలుపు స్పీకరు అతని మోకాలి పక్కనే పలుకుతుంది, ఎడమది అవతలి తలుపులో ఎక్కడో. రెండింటి దూరంలో తేడా అర మీటరు ఉందనుకుంటే, ఎడమ శబ్దం మిల్లీసెకనున్నర ఆలస్యంగా చేరుతుంది. వినడానికి పిసరంతే. దాని ఫలితం పిసరంత కాదు. రికార్డింగు ఇంజనీరు సరిగ్గా నడిమధ్య నిలబెట్టిన గాయని వచ్చి కుడి తలుపుకు చేరబడుతుంది. సుమారు 340 హెర్ట్జ్ దగ్గర రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అది గొంతు తిరుగాడే చోటే. పైన అద్దాలు శబ్దాన్ని చిమ్ముతాయి, సీట్లు పీల్చేస్తాయి, తలుపు రేకు తన సొంత రాగం అందుకుంటుంది. ఈ నష్టాలన్నీ చేతిలో స్కేలు ముక్క ఉన్నవాడెవడైనా కొలవగలిగినవి. వీటి ముందు 256 ఎంపీత్రీ చేసిన నష్టం సముద్రంలో కాకిరెట్ట. కానీ కార్ డెకార్ షాపుకెళ్లి తలుపు రేకుకు లోపల పట్టీలు వేయించమని అడిగేవాళ్లు నూటికి ఒకరుంటారేమో. ఫైలును తిట్టడానికి ఖర్చు లేదు.

అయినా అంతమంది పొరబడ్డారా అనే ప్రశ్న న్యాయమైనదే. వాళ్లకు వినపడింది అబద్ధం కాదు. వాళ్లు నేరం మోపిన ముద్దాయి తప్పు.

ఎంపీత్రీ మన కార్లలోకి వచ్చిన దారి గుర్తు చేసుకుంటే సరిపోతుంది. బస్టాండు బయట ప్లాస్టిక్ కవర్లలో వేలాడిన డిస్కులు, మీద పెద్ద అక్షరాలతో '150 పాటలు'. 700 మెగాబైట్ల డిస్కులో 150 పాటలు కుక్కాలంటే, పాట ఐదు నిమిషాలదైతే, 128 కిలోబిట్లు దాటే వీలు ఇంచుమించు లేదు. అదైనా నిఖార్సైన 128 కాదు. చాలా పాటలకు తల్లి అరిగిపోయిన క్యాసెట్. దాన్ని ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించారు, ఇంకెవరో చిన్నదిగా కుదించి ఇంటర్నెట్‌లో పెట్టారు, మరొకరు దించుకుని మళ్లీ కుదించారు. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే పాత గాయం మీద కొత్త గాయం. చివరికి చేతికొచ్చినదాని మీద 320 అని రాసుంటుంది. చింకి బట్టను పెద్ద బీరువాలో పెట్టినట్టు. ఆ డిస్కు పక్కన కంపెనీ సీడీ పెడితే సీడీయే గెలిచింది. గెలిచింది సీడీ కాదు, శుభ్రమైన మూలం.

తర్వాత కొందరు సిగరెట్ లైటర్ రంధ్రంలో ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ గుచ్చారు. పెన్‌డ్రైవ్ పాట రేడియో తరంగమై అడుగు దూరంలోని కారు రేడియోకే ప్రయాణించేది. ఎఫ్‌ఎం స్టీరియో 15 వేల హెర్ట్జ్ దాటి పలకదు. ఊరు మారినప్పుడల్లా నిజం స్టేషను వచ్చి పాట మీద పడేది. ఇంకొందరు ఆక్స్ వైరు పెట్టారు, ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో ఈల వేసింది. అది ఆల్టర్నేటర్ ఈల. తిట్లు తిన్నది ఎంపీత్రీ.

ఇప్పుడు బ్లూటూత్ కాలం. చిత్రమేమిటంటే, ఫోనులో ఫ్లాక్ ఫైలు పెట్టుకుని తన చెవి గురించి గొప్పగా చెప్పుకునేవారు కూడా దాన్ని బ్లూటూత్‌లోనే కారుకు పంపుతారు. పాటలు మోసే బ్లూటూత్ పరికరాల్లో మామూలుగా ఉండే ఎస్‌బీసీ పద్ధతి ఆ ఫైలును దారిలో మళ్లీ కుదిస్తుంది, మామూలుగా 328 కిలోబిట్లకు. యూఎస్‌బీ గుండా నేరుగా వచ్చే మంచి ఎంపీత్రీకి ఆ రెండో కోత కూడా లేదు. ఆన్‌లైన్ యాప్‌లో పాట వింటూ సిగ్నలు పల్చబడిన చోట నాణ్యత తనంతట తానే దిగజారితే, ఆ నింద కూడా పాపం మొత్తం 'కంప్రెస్డ్' జాతి నెత్తిన పడుతుంది.

'కంప్రెషన్' అన్న మాట దగ్గర ఇంకో పెద్ద గందరగోళం ఉంది. ఫైలు పరిమాణాన్ని కుదించడం ఒకటి. పాటలోని మెత్తని చోట్లను పైకి లేపి, గట్టి చోట్లను అణిచి, అంతా ఒకే మోతగా చేయడం మరొకటి. రెండింటికీ ఇంగ్లిషులో ఒకే పేరు ఉండటం వల్ల రెండో దాని పాపం మొదటిదానికి చుట్టుకుంది. ఆ రెండోది స్టూడియోలో, మాస్టరింగ్ దగ్గరే జరిగిపోతుంది. 2008లో మెటాలికా బృందం 'డెత్ మాగ్నెటిక్' ఆల్బమ్ సీడీ విన్న అభిమానులు చెవులు గీరుకుపోతున్నాయని గోల పెట్టారు. అవే పాటలు 'గిటార్ హీరో' వీడియో గేములో ఇంతకన్నా హాయిగా ఉన్నాయని కనిపెట్టారు. అసలు సిసలు కంపెనీ సీడీ కన్నా ఆటబొమ్మలో వచ్చిన పాట మెరుగు! డిస్కు మెరిసినంత మాత్రాన లోపలి పాట మెరవదు.

కారులోనైతే ఆ రెండో రకం కుదింపు కొంత మేలే చేస్తుంది. కచేరీ రికార్డింగు పెట్టి బయల్దేరినవారికి ఈ తంటా తెలుసు. మంద్రస్థాయిలో ఆలాపన మొదలవుతుంది, టైర్ల మోతలో కలిసిపోతుంది. వాల్యూం పెంచుతారు. తని ఆవర్తనం వచ్చేసరికి వెనకసీట్లో పాప ఉలిక్కిపడి లేస్తుంది. మళ్లీ తగ్గిస్తారు. ఇదంతా ఫైలు మీదా సీడీ మీదా ఆధారపడిన కథ కాదు, రెండింట్లోనూ ఒకేలా జరుగుతుంది.

సీడీ కారులో ఎంత సుఖంగా బతికిందో కూడా భక్తులు మరిచిపోయారు. పయనీర్, సోనీ కారు సీడీ ప్లేయర్లు 1984 నాటికే వచ్చాయి. డిస్కు మీది గీతల మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు మీద ఇంకాస్త. ఆ గీతను లేజరు కిరణం వదలకుండా పట్టుకోవాలి, మన గతుకుల మీద. గుంత వచ్చింది, పాట గెంతింది. మండుటెండలో డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయిన డిస్కు వంగింది. ఇంట్లో రాసుకున్న డిస్కు మీద అతికించిన కాగితం లేబులు ప్లేయరు లోపల ఊడింది. కుదుపులను తట్టుకోవడానికి చేతి సీడీ ప్లేయర్లలో పాటను కొన్ని సెకన్లు ముందుగా చదివి దాచుకునే మెమరీ పెట్టారు. ఆ చిన్న మెమరీలో ఎక్కువసేపు పాట పట్టడానికి చాలా ప్లేయర్లు ఏం చేశాయి? కుదించాయి! అలాంటి ప్లేయరును క్యాసెట్ అడాప్టర్‌తో కారుకు తగిలించి "సీడీ క్వాలిటీ" అని మురిసిపోయినవారు విన్నది కుదించిన సంగీతమే, అదీ క్యాసెట్ హెడ్డు గుండా.

పాత పాటల దగ్గర సీడీ పక్షం మరీ బలహీనం. 'మాయాబజార్' 1957 నాటిది. ఆ కాలపు పాట మోనో, ఒకే చానలు. దాన్ని సీడీలో పెట్టినప్పుడు ఒకటే శబ్దాన్ని ఎడమకోసారి, కుడికోసారి రాస్తారు. సగం జాగా ఊరికే పోతుంది. మంచి ఎన్‌కోడర్ రెండు వైపులా ఒకటే ఉందని గుర్తుపట్టి, ఒక్కసారే రాసి, మిగిలిన బిట్లన్నీ ఘంటసాల గొంతుకే ఖర్చు పెడుతుంది. ఆ రోజుల సినిమా హాళ్ల సౌండ్ ఏర్పాటు 8 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేసేది. ఇలాంటి పాట విషయంలో బిళ్లా ఫైలా అన్నది రెండో మాట. ఏ టేపు నుంచి ఎవరు, ఎంత ఓపికగా ఎక్కించారన్నదే మొదటి మాట.

సీడీ పక్షంలో నిజం బొత్తిగా లేదనలేము. చిడతలు, గజ్జెలు, డప్పు మీద సన్నపుల్ల దెబ్బ లాంటి చురుకైన శబ్దాలు తక్కువ బిట్‌రేటులో అంచు కోల్పోతాయి; దెబ్బకు ముందే ఒక మసక నీడ వినపడుతుంది. 128 దగ్గర ఇది శ్రద్ధగా వింటే దొరుకుతుంది. కొన్ని కార్లలో 'సరౌండ్' మీట నొక్కితే ఎడమ కుడి చానళ్ల తేడాను మాత్రమే లాగి వెనక స్పీకర్లకు పంపుతారు. అప్పుడు చాటున దాచినవి బయటపడి, పాట నీళ్లలోంచి పాడినట్టు ఉంటుంది. ట్రెబుల్ చివరిదాకా తిప్పినా కొంత అంతే. ఇక పాటను పదిలపరచడం వేరే వ్యవహారం. ఇంట్లో దాచుకునే ప్రతి కుదించనిదై ఉండాలి, లేదా ఫ్లాక్ అయి ఉండాలి, ఎందుకంటే రేపు మరో రూపంలోకి మార్చాల్సి రావచ్చు. సీడీలు కొన్నవారు వాటిని పారేయనక్కర్లేదు. రచయిత పేరు, వాద్యకారుల పేర్లు అచ్చువేసిన ఆ చిన్న పుస్తకం ఏ పెన్‌డ్రైవ్‌లోనూ రాదు. అదంతా అల్మరా గొప్ప, కారు గొప్ప కాదు.

ఇంతా చెప్పినా పెద్దమనిషి ఒప్పుకోడు. ఒప్పుకోనక్కర్లేదు, పరీక్ష పెట్టుకోవచ్చు. తనకు బాగా ఇష్టమైన, ఎన్నోసార్లు విన్న సీడీనే తీసుకోవాలి. అందులోంచి ఒక పాటను కుదించకుండా ఓ ఫైలుగా, 256 ఎంపీత్రీగా మరో ఫైలుగా ఒకే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాలి. రెండింటి వాల్యూం రవ్వంత కూడా తేడా లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే కాస్త గట్టిగా పలికిందే బాగుందని చెవి తీర్పు చెప్పేస్తుంది. తెర మీద పేరు కనపడకుండా వెనకసీటు మేనల్లుడు నాణెం ఎగరేసి ఒకటి పెట్టాలి. అలా పదిసార్లు. గుడ్డిగా చెబితే పదికి తొమ్మిదో పదో సరిపోయే అవకాశం నూటికి ఒకటి. తొమ్మిది సరిపోతే బావగారు కొర్లపహాడ్ టోలు గేటు దగ్గర టీ ఇప్పించి ఓటమి ఒప్పుకోవాలి.

ఐదో ఆరో సరిపోయాక పెద్దమనిషి ఊరుకుంటాడనుకోవడం అమాయకత్వం. ఏసీ ఫ్యాను మోత వల్ల తెలియలేదంటాడు, ఆపి మళ్లీ పెట్టమంటాడు. ఆపవచ్చు, మే నెల కాకపోతే.